గాజు తొట్టిలో వానగుంట: ట్రయోప్స్ పెంచిన నా అనుభవం

ట్రయోప్స్ గుడ్ల ప్యాకెట్ విప్పగానే ముందు పుట్టేది అనుమానం. లోపల చిటికెడు ఇసుక, నలిగిన ఎండాకు నుసి, వాటి మధ్య ఇటుక పొడిలాంటి రేణువులు. ఆ రేణువులే గుడ్లట! ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. వీపు మీద డాలు, ముఖాన మూడు కళ్లు, వెనక జంట తోకలు, కింద డజన్లకొద్దీ కాళ్లు ఉన్న జంతువు అందులోంచి వస్తుందని రాసి ఉంటే చదివి నవ్వుకున్నాను. తెప్పించుకున్నది మాత్రం అందుకే.

ఇది మంచినీటి జీవి. రొయ్యలకీ పీతలకీ దూరపు చుట్టం. నోటోస్ట్రాకా అనే వర్గంలో ఇప్పుడు బతికున్నవి రెండే ప్రజాతులు: ఒకటి ట్రయోప్స్, రెండోది లెపిడ్యూరస్. జంట తోకల నడుమ చిన్న పలక ఉంటే లెపిడ్యూరస్, లేకపోతే ట్రయోప్స్. ఇంట్లో పెంచుకోవడానికి దొరికే గుడ్లు ఎక్కువగా ఉత్తర అమెరికాలో కనిపించే లాంగికాడేటస్ జాతివి. యూరప్‌లో కనిపించే కాంక్రిఫార్మిస్, ఆస్ట్రేలియాలోని ఆస్ట్రేలియెన్సిస్ కూడా పెంపకందారుల దగ్గర ఉంటాయి. నావి లాంగికాడేటస్.

ఏ జాతైనా కాపురం మాత్రం ఒక్కలాంటి చోటే: వానకి నిండి, ఎండకి ఇంకిపోయే గుంటల్లో. చేపలుండే నీళ్లలో ఇవి నిలవలేవు, వాటికి ఆహారమైపోతాయి. అందుకే చేప బతకలేని చోటు చూసుకున్నాయి. నీళ్లు నిలిచేది కొద్ది వారాలే కాబట్టి ఆలోపే పుట్టాలి, పెరగాలి, గుడ్లు పెట్టాలి, పోవాలి. ఆ గుడ్లు ఎండిన మట్టిలో, మళ్లీ వాన పడేదాకా ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ప్యాకెట్‌తో వచ్చిన సూచనల కాగితంతో పెద్దగా పని లేదు. అందులోని ప్రతి షరతూ వానగుంటలో జరిగేదానికి నకలే. ఈ పని పొడుగునా ఏ సందేహం వచ్చినా ‘గుంటలో అయితే ఏం జరిగేది?’ అని అడుగుతూ వచ్చాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరికింది.

మొదటి సందేహం నీళ్ల దగ్గరే వస్తుంది. గుడ్లు తడపడానికి డిస్టిల్డ్ వాటరే వాడాలని ఎందుకంటారు? కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అదొక కారణం. అసలు కారణం లవణాలు. కొత్తగా పడిన వాననీటిలో కరిగిన లవణాలు బహు తక్కువ. గుంట ఇంకిపోతున్నకొద్దీ అవి చిక్కబడతాయి. గుడ్డులోని పిండానికి ఈ తేడా తెలుస్తుంది. లవణాలు తక్కువగా ఉంటే వాన ఇప్పుడే పడిందన్నమాట, బయటికి రావచ్చు. ఎక్కువగా ఉంటే గుంట ఆఖరి దశలో ఉందన్నమాట, ఇప్పుడు రావడం చావుని వెతుక్కుంటూ రావడమే. అందుకే బాగా ఖనిజాలున్న నీళ్లు పోసి ఎన్ని రోజులు కూర్చున్నా చాలా గుడ్లు ఉలకవు, పలకవు.

రెండోది వెలుతురు. ఇది నేను పరీక్ష పెట్టి చూశాను. గుడ్లని రెండు వాటాలు చేసి రెండు వెడల్పాటి గాజు గిన్నెల్లో వేశాను. రెండింట్లోనూ అవే నీళ్లు, అదే లోతు, రెండు మూడు అంగుళాలు. ఒకదాని పక్కన టేబుల్ ల్యాంప్ రాత్రీ పగలూ వెలిగించి ఉంచాను. రెండోదాని మీద నల్లగుడ్డ నాలుగు మడతలు వేసి కప్పేశాను. దీపం కింద గిన్నెలో పిల్లలు తిరుగుతున్నాయి, గుడ్డ కింద గిన్నెలో భూతద్దం పెట్టి వెతికినా ఒక్కటీ లేదు. గుడ్డ తీసి దానికీ దీపం పెట్టాక అందులోనూ కదలిక మొదలైంది. గుంటలో అయితే మట్టి లోపల కూరుకుపోయిన గుడ్డుకి వెలుతురు తగలదు. తగిలిందంటే అది పైపొరలో ఉన్నట్టు, పైకి ఈదుకు రావడానికి అడ్డేమీ లేనట్టు. చీకట్లో ఉన్నది తన వంతు కోసం ఆగుతుంది.

మూడోది వెచ్చదనం. 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు. చల్లటి కాలంలో దీపమే కొంత వేడి ఇస్తుంది, కానీ నీటిలో థర్మామీటర్ పెట్టి చూసుకోవడం మేలు. చిన్న గిన్నెలో నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి, ఇట్టే చల్లారతాయి. ఆ ఎగుడుదిగుడుకి పెద్దవే ఇబ్బంది పడతాయి, పసివి ఎక్కడ తట్టుకుంటాయి?

ఇవన్నీ కుదిరితే 24 నుంచి 48 గంటల్లో మొదటి పిల్లలు కనిపిస్తాయి. కనిపిస్తాయి అన్నానే గానీ, ఎలా చూడాలో తెలియకపోతే కనిపించవు. పైనుంచి తొంగి చూస్తే నీళ్లూ నలుసులూ తప్ప ఏమీ ఉండదు. గది చీకటి చేసి, గిన్నె పక్కనుంచి ఫోన్ టార్చి వేసి, ఒక నిమిషం ఊరికే కూర్చోవాలి. నలుసులు నీటితోపాటు మెల్లగా కొట్టుకుపోతాయి. పిల్ల అలా పోదు. కుదుపు, ఆగడం, మళ్లీ కుదుపు. వెలుగు ఎటుంటే అటు చేరతాయి కాబట్టి కాసేపటికి టార్చి ఉన్న మూలకి పోగవుతాయి. భూతద్దంలోంచి చూస్తే లేత నారింజ రంగు ఒళ్లు, ముందు ఒకే ఒక్క నల్లటి చుక్క కన్ను, రెండు పక్కలా తెడ్లు వేస్తున్నట్టు కొట్టుకునే మీసాలు. కాళ్లు ఇంకా రాలేదు. డాలు లేదు, తోక లేదు. ఈ దశని నాప్లియస్ అంటారు. రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా పిల్లలు కూడా పుట్టినప్పుడు ఇంచుమించు ఇలాగే ఉంటాయి, కాకపోతే వాటికి ఉప్పునీళ్లు కావాలి.

ఇక్కడి నుంచి మూడు నాలుగు రోజులు గట్టెక్కడమే అసలు పరీక్ష. పెద్ద ట్రయోప్స్‌ని చంపడం కష్టం, పసి ట్రయోప్స్‌ని బతికించడం కష్టం. నా దగ్గర పుట్టినవాటిలో సగానికి పైగా ఈ రోజుల్లోనే పోయాయి. ఇది మామూలేనని పెంచినవాళ్లంతా చెబుతారు. గుంటలో కూడా వందలు పుట్టి పదులు మిగులుతాయి.

మొదటి రోజు తిండి పెట్టకూడదు. గుడ్డులోంచి తెచ్చుకున్న పచ్చసొన సరిపోతుంది. ఆ తర్వాత వాటికి కావలసినవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. ప్యాకెట్లో ఉన్న ఎండాకు నుసి అందుకోసమే వేస్తారు. అది నీటిలో నాని చివికితే దాని మీద బ్యాక్టీరియా, వాటిని తింటూ ఏకకణ జీవులు పెరుగుతాయి, పిల్లలు వాటిని తింటాయి. నా నీళ్లు రెండో రోజుకి లేత టీ రంగుకి తిరిగాయి. చూడ్డానికి మురికిగా ఉంటుంది, పారబోసి తేట నీళ్లు పోయాలని చేతులు దురద పెడతాయి. అలా చేయకపోవడమే మంచిది. తేట నీళ్లలో వాటికి తిండి లేదు.

తర్వాత స్పైరులినా అనే ఎండబెట్టిన నాచు పొడి మొదలుపెట్టాను. ఎంత అంటే, టూత్‌పిక్ మొన తడిపి పొడికి తాకించి నీటిలో ముంచితే రాలినంత. రోజుకి ఒకసారి. ఇది చదివేవాళ్లకి పిసినారితనంగా అనిపిస్తుంది. కానీ వీటి పెంపకంలో ఆకలితో చచ్చేవాటి కన్నా తిండి ఎక్కువై చచ్చేవే ఎక్కువ. తినగా మిగిలిన పొడి అడుగున కుళ్లుతుంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్ లాగేసుకుంటుంది, అమ్మోనియా పెరుగుతుంది, నీళ్లు పాలరంగులోకి మారతాయి. అర లీటరు నీళ్లలో ఇదంతా ఒక్క రాత్రిలో అయిపోగలదు. ముందు రోజు వేసింది ఇంకా అడుగున కనిపిస్తుంటే ఆ పూట ఏమీ వేసేవాణ్ణి కాదు.

నీళ్లు మార్చడానికి కూడా ఇక్కడే మొదలుపెట్టాలి. పొదగడానికి పనికొచ్చిన డిస్టిల్డ్ వాటరే ఇప్పుడు సమస్య. డాలు, పెంకు గట్టిపడాలంటే కాల్షియం లాంటి ఖనిజాలు కావాలి, అవి అందులో లేవు. గుంటలో అయితే కింద మట్టి ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ అందులోంచి లవణాలు నీటిలోకి దిగుతాయి. అందుకని కుళాయి నీళ్లు వెడల్పాటి పాత్రలో ఒక రోజు మూత లేకుండా ఉంచి, క్లోరిన్ పోయాక, రోజూ కొంచెం కొంచెం డ్రాపర్‌తో కలుపుతూ వచ్చాను. కొన్నిచోట్ల నీటిలో క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు, అది ఊరికే ఉంచితే పోదు. అలాంటప్పుడు అక్వేరియం వాళ్లు వాడే నీటి కండిషనర్ వేయాలి. కలిపే నీళ్లూ గిన్నెలో నీళ్లూ ఒకే వేడిమి మీద ఉండాలి. నేను రెండు పాత్రల్నీ పక్కపక్కనే పెట్టేవాణ్ణి, అంతకన్నా హంగామా లేదు.

ఆ తర్వాత వచ్చే వారం ఉంది చూశారూ, దాని కోసమే ఇవన్నీ చేసేది. నాలుగో రోజుకల్లా చుక్క కాస్తా ఆకారం తెచ్చుకుంటుంది. వీపు మీద పలచటి డాలు, దాని ముందు అంచు దగ్గర రెండు పెద్ద కళ్లు, వాటి నడుమ పుట్టినప్పటి ఆ పాత కన్ను. వెనక దారాల్లాంటి జంట తోకలు. పొద్దున చూసినదానికీ రాత్రి చూసినదానికీ సైజులో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నీటి అడుగున పాకడం, తవ్వడం నేర్చుకుంటాయి. సరిగ్గా ఈ దశలోనే ఒకదాన్నొకటి తినడం కూడా మొదలుపెడతాయి.

అందులో క్రూరత్వం ఏమీ లేదు, ఎదురుపడిందల్లా తిండే వాటికి. ఒకేసారి పుట్టినా ఒకటి రెండు మిగతావాటికన్నా ముందు పెరుగుతాయి, పెరిగినవి చిన్నవాటిని పట్టుకుంటాయి. ముఖ్యంగా కుబుసం విడిచే వేళ. పెంకు విడిచిన కొత్తలో ఒళ్లు మెత్తగా ఉంటుంది, పారిపోయే ఓపిక ఉండదు. అందుకే పిల్లలు ఒక సెంటీమీటరు దాటగానే పెద్ద తొట్టిలోకి మార్చేశాను. ఒక్కోదానికి రెండు మూడు లీటర్ల నీళ్లయినా ఉండాలని నా లెక్క. అంతకంటే ఇరుకైతే సంఖ్య తనంతట తనే తగ్గిపోతుంది, ఎలాగో చెప్పనక్కర్లేదు.

పెద్ద తొట్టి గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. అడుగున బాగా కడిగిన సన్నటి ఇసుక, ఒక అంగుళం మందం. మొనదేలిన గులకరాళ్లు వద్దు, ఇవి పొద్దస్తమానం అడుగున దేవుతుంటాయి, కాళ్లు చీరుకుపోతాయి. పవర్ ఫిల్టర్ పెడితే చిన్నవాటిని లాగేసుకుంటుంది. ఎయిర్ పంప్‌కి తగిలించే స్పాంజ్ ఫిల్టర్ చాలు. గట్టిగా గుర్తుంచుకోవలసింది రాగి. చేపలకి వేసే మందుల్లో, నత్తల్ని చంపే మందుల్లో రాగి ఉంటుంది. చేపకి ఏమీ కాని మోతాదు కూడా వీటిని చంపేస్తుంది. పాత అక్వేరియం వాడేవాళ్లు అందులో ఇంతకుముందు ఏం మందులు వేశారో ఒకసారి ఆలోచించుకోవాలి.

పెద్దవయ్యాక తిండి తేలిక. చేపలకి వేసే మునిగే పెల్లెట్లు, సన్నగా తరిగిన క్యారట్ ముక్క, దోమపిల్లలు దొరికితే పండగే. క్యారట్ ముక్కని పట్టుకుని అరిగిపోయేదాకా వదలవు. తిండి అడుగున దొరక్కపోతే పైకొచ్చి వెల్లకిలా తిరిగి, నీటి ఉపరితలం మీద తేలే నలుసుల్ని కాళ్లతో లాక్కుంటాయి. అలా మొదటిసారి తిరిగినప్పుడు మా అమ్మాయి కంగారుగా పిలిచింది.

“నాన్నా, ఒకటి బోర్లా పడిపోయింది. చచ్చిపోయిందా?”

“బోర్లా కాదమ్మా, వెల్లకిలా. చూడు, కాళ్లు ఆడుతున్నాయి.”

“అన్ని కాళ్లెందుకు దానికి?”

మంచి ప్రశ్న. వయసు, జాతిని బట్టి 35 నుంచి 70 జతల దాకా కాళ్లుంటాయి. నడవడానికి అన్ని అక్కర్లేదు. ఆ కాళ్లు ఆకుల్లా పలచగా ఉంటాయి, ఊపిరి తీసుకునేది వాటితోనే. ఈదడానికీ అవే. తినడానికీ అవే. అది గాజు గోడకి ఆనుకుని, పొట్ట మా వైపు పెట్టి పాకుతున్నప్పుడు భూతద్దం పట్టి ఇద్దరం చూశాం. కాళ్లన్నీ ఒకేసారి కదలవు. వెనక నుంచి ముందుకి ఒకదాని తర్వాత ఒకటి, అలలాగా. రెండు వరసల కాళ్ల మధ్య సన్నటి గాడి ఉంది. ఒక పెల్లెట్ నలుసుని కాళ్లు వెనకెక్కడో అందుకున్నాయి. అది ఆ గాడిలో పడి, ఒక కాలి మొదలు నుంచి ముందు కాలి మొదలుకి అందుతూ, నోటి దాకా వచ్చేసింది. మనకి తిండి ముందు నుంచి వెనక్కి పోతుంది, దానికి వెనక నుంచి ముందుకి వస్తుంది. అమ్మాయి ఆ రోజు ఇంకో నాలుగు పెల్లెట్లు వెయ్యమని గోల చేసింది. వెయ్యలేదు.

కుబుసం విడవడం చూడాలంటే అదృష్టం ఉండాలి, చాలాసార్లు రాత్రి వేళ జరిగిపోతుంది. పొద్దున్నే అడుగున రెండోది కనిపిస్తుంది, కదలకుండా. చచ్చిపోయిందనుకుని చెంచాతో తీస్తే అది ఖాళీ పెంకు. డాలు, తోకలు, ఒక్కో కాలి వెంట్రుకతో సహా అచ్చు దిగి ఉంటుంది, గాజుకన్నా పలచగా. ఒకసారి పగలే చూడగలిగాను. అది పాకడం మానేసి పక్కకి ఒరిగి ఉండుండి ఒళ్లు విదిలించుకుంటోంది. ముందు వైపు డాలు కింద పెంకు విచ్చుకుంది. తర్వాత నిమిషం కూడా పట్టలేదు, ఒక్క గుంజుతో ముందుకి జారింది, పాతది వెనక్కి ఊడింది. కొత్త ఒళ్లు తెల్లగా, కాస్త పెద్దగా. తొట్టిలో ఉన్న ఇంకొకటి అప్పుడే అటు వస్తోంది. నేను చిన్న వల అడ్డం పెట్టాను, అది కుబుసాన్ని తినడం మొదలుపెట్టింది. కుబుసాలు తీసేయకపోవడమే మంచిది, అందులో ఉన్న ఖనిజాలు మళ్లీ వాటి కడుపులోకే పోతాయి.

ఉక్కపోతగా ఉన్న రోజుల్లో ఒకసారి నావి గులాబి రంగుకి తిరిగాయి. జబ్బేమో అనుకునేవాళ్లుంటారు. వీటి రక్తంలోనూ మనకున్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ తగ్గితే అది ఎక్కువ తయారవుతుంది, ఒళ్లు ఎర్రబడుతుంది. వేడెక్కిన గుంటలో బతకడానికి అదొక ఏర్పాటు. తిండి లేకున్నా అదేపనిగా పైకొచ్చి వెల్లకిలా ఉండిపోతుంటే కూడా గాలి చాలడం లేదని అనుమానించాలి. నేను పావు వంతు నీళ్లు మార్చి, ఎయిర్ స్టోన్ ఒకటి అదనంగా వేశాను. ఎరుపు వెంటనే పోలేదు గానీ పైకి రావడం తగ్గింది.

రెండో వారానికి గుడ్లొచ్చాయి. ఎవరికీ జంట కుదర్చనక్కర్లేదు. ఈ జాతిలో కొన్ని చోట్ల మగా ఆడా విడిగా ఉంటే, కొన్ని చోట్ల దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. మగ తోడు లేకుండానే పిల్లలయ్యే గుడ్లు పెడతాయి. గాలికో, పక్షి కాళ్ల బురదకో అంటుకుని కొత్త గుంటలో ఒక్క గుడ్డు పడినా అక్కడ వంశం నిలబడుతుంది. గుడ్లు ఎక్కడుంటాయో తెలిస్తే చూడటం సులభం: 11వ జత కాళ్ల దగ్గర రెండు చిన్న గుండ్రటి సంచులుంటాయి, వాటిలో ఎర్రటి చుక్కలు. డాలు పలచగా ఉంటే పైనుంచి కూడా కనిపిస్తాయి. అవి సంచిలో ఉండేది కొద్ది గంటలే. తర్వాత తల్లి ఇసుకలోకి దిగి, కాళ్లతో కిందికి తవ్వుకుంటూ సగం ఒళ్లు పూడిపోయేదాకా కూరుకుపోయి, గుడ్లు వదిలి పైకొస్తుంది. పొద్దున చూస్తే ఇసుకంతా చిన్నచిన్న గుంటలు. రోజూ ఇదే తంతు.

ఆ తవ్వకం పుణ్యమా అని నేను నాటిన అక్వేరియం మొక్కలన్నీ తెల్లారేసరికి తేలాయి. మళ్లీ నాటితే మళ్లీ తేలాయి. ఈ గుణానికే జపాన్ రైతులు వీటిని మెచ్చుకుంటారు, కాలిఫోర్నియా రైతులు తిట్టుకుంటారు. జపాన్‌లో పెరిగిన నారు తెచ్చి నాటుతారు కాబట్టి ఇవి అడుగున దేవినా వరి వేళ్లకి ఏమీ కాదు. అప్పుడే మొలిచే కలుపు లేచిపోతుంది, బురద కలిగి కింద మొలకలకి వెలుతురు అందదు. కాలిఫోర్నియాలో నీళ్లు పెట్టిన మడిలో విత్తనాలు చల్లుతారు, అక్కడ లేచిపోయేది వరి మొలకే. ఒకే పురుగు, ఒకే పని, ఒకచోట కూలీ లేని పనిమనిషి, ఇంకోచోట చీడ. నేను మాత్రం మొక్కలు మానేశాను.

ఇక అందరూ చెప్పే మాట ఒకటుంది, ‘డైనోసార్ల కాలం నుంచి మారని జీవి’ అని. ప్యాకెట్ల మీద డైనోసార్ బొమ్మ కూడా వేస్తారు. ట్రయాసిక్ కాలం నాటి, అంటే 20 కోట్ల ఏళ్లకి పైబడిన శిలాజాల్లో అచ్చం ఇలాంటి డాలూ తోకా ఉన్న జీవులు దొరికిన మాట నిజమే. కానీ ఆకారం మారకపోతే జాతి మారలేదని కాదు. 2013లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం ప్రకారం ఇప్పుడున్న ట్రయోప్స్ జాతులు అంత పాతవి కావు, డైనోసార్లు పోయిన ఎంతో కాలానికి విడివడినవి. బొమ్మ మీద నాకేమీ కోపం లేదు, పిల్లలకి అదే ఆకర్షణ. కానీ ఈ జీవిలో వింత దాని వయసులో లేదు, దాని గుడ్డులో ఉంది.

ఎండిన గుడ్డులో పిండం ఎదుగుదల ఆపేసి ఉంటుంది. చావూ కాదు, బతుకూ కాదు అన్నట్టు. సూడాన్ మట్టిలోంచి తీసిన ట్రయోప్స్ గుడ్లని 98 డిగ్రీల దగ్గర 16 గంటలు ఉంచినా వాటిలో పిల్లలొచ్చాయని 1968లో ఒక పరిశోధకుడు ప్రచురించాడు. నీళ్లు మరగడానికి రెండే డిగ్రీలు తక్కువ! దశాబ్దాలు దాటిన గుడ్లు కూడా పొదిగిన దాఖలాలున్నాయి. అదే జీవి గుడ్డు దాటి వచ్చాక, పసిగా ఉన్నప్పుడు, గిన్నెలో వేడిమి ఎగుడుదిగుడుకే చచ్చిపోగలదు.

నా తొట్టిలోవి నెలన్నర దాటాక ఒక్కొక్కటే మందగించాయి. తోకలు విరిగాయి, డాలు మీద మచ్చలు తేలాయి, గుడ్లు తగ్గాయి. ఇది రోగం కాదు, వయసు. వీటికి ఆయుష్షు మహా అయితే మూడు నెలలు. నీళ్లు వెచ్చగా ఉంటే తొందరగా పెరిగి తొందరగా పోతాయి. కొంచెం చల్లగా ఉంటే అదీ ఇదీ కాస్త సాగుతుంది. చచ్చినదాన్ని వెంటనే తీసేయాలి, లేకపోతే మెత్తటి ఒళ్లు పూటలో కుళ్లి మిగతావాటి నీళ్లు పాడుచేస్తుంది. అమ్మాయి రెండు కుబుసాలు మాత్రం దూదిలో పెట్టి అగ్గిపెట్టెలో దాచుకుంది.

ఆఖరిది పోయాక నీళ్లు మెల్లగా సైఫన్‌తో తీసేసి, అడుగున ఇసుకని తొట్టిలోనే వదిలేశాను. పైన పాత పంచె ఒకటి కప్పి, గాలి తగిలే చోట, ఎండ నేరుగా పడకుండా. గుంట ఎలా ఎండుతుందో అలాగే, తొందర లేకుండా. పైన పొడిగా కనిపిస్తుంది గానీ కింద తడి ఉంటుంది, వేలితో కెలికి చూడాలి. తడి ఉండగా మూట కడితే బూజు పడుతుంది. పూర్తిగా పొడయ్యాక కూడా కొన్ని వారాలు అలాగే ఉంచి, గరిటెతో గీకి కాగితం కవర్లలో పోసి, జాతి పేరూ నెలా రాసి పెట్టాను. ప్లాస్టిక్ కవరు వాడలేదు, మిగిలిన కాస్త తేమ కూడా పోవడానికి దారుండాలి.

తర్వాత అందులో ఒక చెంచా ఇసుక తీసి మళ్లీ అదే వరసలో తడిపాను: డిస్టిల్డ్ వాటర్, దీపం, వెచ్చదనం. పిల్లలొచ్చాయి. కానీ ఇసుకలో గుడ్లు కనిపించినంత మంది రాలేదు. పిల్లల్ని వేరే గిన్నెలోకి తీసి, ఆ ఇసుకనే మళ్లీ ఆరబెట్టి మళ్లీ తడిపితే ఇంకొన్ని వచ్చాయి. ఏ పొరపాటూ లేకుండా అన్నీ సరిగ్గా కుదిరినా కొన్ని గుడ్లు కావాలనే ఆగిపోతాయి. మొదటి వానకే అన్నీ బయటికొచ్చేసి, గుంట పది రోజుల్లో ఎండిపోతే వంశం మొత్తం పోతుంది. అందుకని ఒకే తల్లి గుడ్లలో కొన్ని ఈ వానకి, కొన్ని వచ్చే వానకి, కొన్ని ఎప్పటికో. మొదటి ప్యాకెట్లో పిల్లలు కాని గుడ్లని పాడైపోయాయని పారేసేవాళ్లకి చెప్పేది ఇదే, ఆ ఇసుక పారేయకండి, ఆరబెట్టి ఇంకోసారి చూడండి.

ఇప్పుడు నా దగ్గర ఉన్న ఇసుకలో రెండు మూడు తరాలకి సరిపడా గుడ్లున్నాయి. అడిగినవాళ్లకి ఓ చెంచా ఇస్తున్నాను, ఒక షరతు మీద. ఆ ఇసుక గానీ, తొట్టి కడిగిన నీళ్లు గానీ, బతికున్న ట్రయోప్స్ గానీ బయట చెరువులోనో పొలంలోనో కాలవలోనో పోయకూడదు. వేరే ఖండపు జీవి, దశాబ్దాలు ఆగగల గుడ్డు, ఒక్కటి చాలు మొదలవడానికి. ఒకసారి మట్టిలో పడ్డాక ఏరి తీయడం ఎవరివల్లా కాదు. వద్దనుకుంటే కవరు తెచ్చి నాకే ఇచ్చేయమంటాను.